ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఏ320 నేర్చుకోవాలా? ముందు ఆ ఐదు గడులు చదవడం నేర్చుకోండి

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ కొన్న చాలామంది కథ ఒకేలా ఉంటుంది. మొదటి వారం చిన్న సెస్నా తీసుకుని సొంత ఊరి మీద తిరుగుతారు. ఇంటి డాబా కనపడుతుందేమో అని వెతుకుతారు. హుస్సేన్‌సాగర్ మీద నుంచి ఒక స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెడతారు. రెండో వారానికి అది బోర్ కొట్టి పెద్ద జెట్ కావాలనిపిస్తుంది. యూట్యూబ్‌లో చూసి ఒక సీరియస్ యాడ్-ఆన్ దించుకుంటారు. కాక్‌పిట్ ఓపెన్ అవుతుంది, అంతా చీకటి, తల మీద లెక్కలేనన్ని స్విచ్‌లు. వీడియోని పాజ్ చేస్తూ ప్లే చేస్తూ గంటసేపు కుస్తీ పడి ఇంజిన్లు స్టార్ట్ చేస్తారు. టేకాఫ్ కూడా బాగానే అవుతుంది. నాలుగు నిమిషాల తర్వాత విమానం తనకి తోచిన వైపు పోతూ ఉంటుంది. ఎందుకో అర్థం కాదు. అంతే, క్విట్ టు డెస్క్‌టాప్.

ఈ ఆర్టికల్ ఆ నాలుగో నిమిషం గురించి. స్విచ్‌లు ఎక్కువ ఉన్నాయి కాబట్టి ఏ320 కష్టం అని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో స్విచ్‌లు రెండు సాయంత్రాల పని. ప్రస్తుతం ఈ విమానం స్పీడ్ ఎవరు చూస్తున్నారు, ఎత్తు ఎవరు చూస్తున్నారు, దిక్కు ఎవరు చూస్తున్నారు, మీరా లేక కంప్యూటరా అన్నది ప్రతి క్షణం తెలిసి ఉండటమే అసలు కష్టం. అది పట్టుబడితే మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

ఏ యాడ్-ఆన్, ఎందుకు?

నేను ఇక్కడ ఫ్లైబైవైర్ వాళ్ల ఏ32ఎన్‌ఎక్స్‌ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. కారణం సింపుల్: ఇది పూర్తిగా ఉచితం. వాలంటీర్లు తయారు చేస్తున్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్. లీప్ ఇంజిన్లున్న ఏ320నియోని దించుతుంది. ఇండిగోలో ఎక్కిన వాళ్లకి ఈ విమానం బయట నుంచి బాగా పరిచయమే. డబ్బు పెట్టగలిగితే ఫెనిక్స్ ఏ320 ఉంది. అది పాత తరం ఏ320. సిస్టమ్స్ లోతు విషయంలో నా ఓటు ఫెనిక్స్‌కే. కానీ ఫ్రీది ఇంత బాగా ఉన్నప్పుడు మొదటి రోజే డబ్బులు పెట్టమని నేను చెప్పను. నెల రోజులు ఇదే నడిపి, ఇంకా ఆసక్తి ఉంటే అప్పుడు ఫెనిక్స్ గురించి ఆలోచించండి. కింద చెప్పేవాటిలో తొంభై శాతం రెండింటికీ పనికొస్తాయి.

బోయింగ్ 737 ఎందుకు కాదు అని అడుగుతారు. పీఎండీజీ 737 అద్భుతమైన యాడ్-ఆన్, అందులో సందేహం లేదు. కానీ ఇంట్లో ఉన్న గ్యాడ్జెట్లకి ఏ320 బాగా సెట్ అవుతుంది. నిజమైన ఏ320లో పైలట్ చేతిలో ఉండేది స్టీరింగ్ లాంటి యోక్ కాదు, పక్కన ఉండే సైడ్‌స్టిక్. అంటే మీ టేబుల్ మీద ఉన్న జాయ్‌స్టిక్ లాంటిదే. ఇంకో విషయం ఏంటంటే, 737లో ఆటోథ్రాటిల్ ఆన్‌లో ఉంటే లివర్లు వాటంతట అవే ముందుకీ వెనక్కీ కదులుతాయి. మీ ఇంట్లో ప్లాస్టిక్ లివర్‌కి మోటార్ ఉండదు కాబట్టి స్క్రీన్ మీద లివర్ ఒకచోట, చేతిలో లివర్ ఇంకోచోట ఉంటాయి. ఏ320లో ఆ గొడవే లేదు. టేకాఫ్ అయ్యాక లివర్లని సీఎల్ అనే గాడిలో పెట్టేస్తే ల్యాండింగ్ దాకా అక్కడే ఉంటాయి. ఇంజిన్ పవర్ మారుతుంది, లివర్ కదలదు. నిజం విమానంలోనూ అంతే.

ఆ గాళ్ల గురించి ఒక్క మాట. ఏ320 లివర్‌కి ఐడిల్, సీఎల్, ఎఫ్‌ఎల్‌ఎక్స్, టోగా అని నాలుగు ముఖ్యమైన స్థానాలుంటాయి. మామూలు జాయ్‌స్టిక్ మీద ఉన్న చిన్న స్లైడర్‌కి అవేమీ తెలీవు. అందుకే విమానంలోని ఫ్లైప్యాడ్ అనే టాబ్లెట్ తెరిచి, సెట్టింగ్స్‌లో థ్రాటిల్ కాలిబ్రేషన్ చేయండి. స్లైడర్ ఎంత దూరం జరిగితే సీఎల్, ఎంత జరిగితే ఎఫ్‌ఎల్‌ఎక్స్ అని దానికి నేర్పాలి. ఇది పది నిమిషాల పని. దీన్ని వదిలేసిన వాళ్లే "ఆటోథ్రస్ట్ పని చేయట్లేదు, యాడ్-ఆన్‌లో బగ్ ఉంది" అంటారు.

ఐదు గడులు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మీ ఎదురుగా ఉన్న ప్రధాన స్క్రీన్, అదే నీలం ఆకాశం, గోధుమ రంగు నేల కనపడే పీఎఫ్‌డీ. దాని పై అంచున చిన్న అక్షరాలతో ఒక పట్టీ ఉంటుంది. ఐదు గడులుగా ఉంటుంది. పేరు ఎఫ్‌ఎంఏ, అంటే ఫ్లైట్ మోడ్ అనన్సియేటర్. కొత్తగా నేర్చుకునే వాళ్లలో దీని వైపు చూసేవాళ్లు చాలా తక్కువ. ఎయిర్‌లైన్ పైలట్లు మాత్రం అది మారిన ప్రతిసారీ బయటికి చదువుతారు.

మొదటి గడిలో ఇంజిన్ థ్రస్ట్ ఏం చేస్తోంది అన్నది ఉంటుంది. రెండోది పైకీ కిందికీ వెళ్లడం. మూడోది ఎడమ, కుడి. నాలుగోది ల్యాండింగ్ అప్రోచ్ సామర్థ్యం. ఐదో గడిలో ఆటోపైలట్, ఫ్లైట్ డైరెక్టర్, ఆటోథ్రస్ట్ ఆన్‌లో ఉన్నాయా లేవా అన్నది. ఆకుపచ్చ అక్షరాలు ఉంటే ఆ మోడ్ ఇప్పుడు నడుస్తోంది. లేత నీలం ఉంటే అది తన వంతు కోసం కాచుకుని కూర్చుంది. మోడ్ మారగానే దాని చుట్టూ పది సెకన్లు తెల్ల డబ్బా కనపడుతుంది, "నేను మారాను, చూడు" అని.

వీటిలో మొదటి గడి దగ్గర కాస్త ఆగుదాం. అక్కడ ప్రధానంగా రెండు రకాల మాటలు వస్తాయి. "స్పీడ్" అని ఉంటే, మీరు పెట్టిన వేగాన్ని ఇంజిన్లు కాపాడుతున్నాయి. వేగం తగ్గితే పవర్ పెరుగుతుంది, పెరిగితే తగ్గుతుంది. బైక్ మీద యాక్సిలరేటర్ లాగా. కానీ "టీహెచ్‌ఆర్ సీఎల్‌బీ" లేదా "టీహెచ్‌ఆర్ ఐడిల్" అని ఉంటే కథ వేరు. అప్పుడు ఇంజిన్లు ఒకే చోట బిగుసుకుని ఉంటాయి. క్లైంబ్‌లో పూర్తి క్లైంబ్ పవర్, డిసెంట్‌లో ఐడిల్. మరి వేగాన్ని ఎవరు చూస్తున్నారు? విమానం ముక్కు! వేగం తగ్గుతుంటే ముక్కు కొంచెం దించి, పెరుగుతుంటే కొంచెం ఎత్తి అదే వేగం మీద ఉంచుతుంది. సైకిల్ తొక్కడం ఆపేసి ఫ్లైఓవర్ దిగుతున్నట్టు అన్నమాట.

ఇది తెలియకపోతే రోజూ కనపడేవి కూడా వింతగానే ఉంటాయి. "స్పీడ్ 300 నుంచి 250కి తగ్గించాను, విమానం ముక్కు పైకి లేపింది ఏంటి?" అంటారు. మొదటి గడిలో టీహెచ్‌ఆర్ ఐడిల్ అని ఉంది. ఇంజిన్లు ఇక తగ్గడానికి ఏమీ లేదు. ముక్కు ఎత్తడం తప్ప దానికి వేరే దారి లేదు.

ఇది సిమ్యులేటర్ సరదా మాత్రమే కాదు. 1990 ఫిబ్రవరి 14న ముంబై నుంచి బెంగళూరు వెళ్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605 ఫ్లైట్, అప్పటికి మన దేశానికి కొత్తగా వచ్చిన ఏ320, పాత హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్ట్ రన్‌వేకి ముందే గోల్ఫ్ కోర్స్ దగ్గర కూలిపోయింది. అందులో ఉన్న 146 మందిలో 92 మంది చనిపోయారు. వాతావరణం బాగానే ఉంది. ఇంజిన్లు చెడిపోలేదు. నేలకి అంత దగ్గరగా వచ్చాక కూడా విమానం ఐడిల్ ఓపెన్ డిసెంట్ మోడ్‌లో ఉంది, అంటే ఇప్పుడు చెప్పుకున్న టీహెచ్‌ఆర్ ఐడిల్. పైలట్లు థ్రస్ట్ పెంచేసరికి ఆలస్యమైంది. చివరి నిమిషాల్లో అది ఆ మోడ్‌లోకి ఎలా వెళ్లిందో విచారణ తేల్చలేకపోయింది. మొదటి గడిలోని రెండు పదాలు అంత ముఖ్యం. మనకైతే రీస్టార్ట్ బటన్ ఉంది.

నొక్కితే దానికి, లాగితే నాకు

గ్లేర్‌షీల్డ్ మీద, అంటే అద్దం కింద, ఎఫ్‌సీయూ అనే ప్యానెల్ ఉంటుంది. నాలుగు పెద్ద నాబ్‌లు: స్పీడ్, హెడింగ్, ఆల్టిట్యూడ్, వర్టికల్ స్పీడ్. ప్రతి నాబ్‌నీ తిప్పడమే కాదు, నొక్కవచ్చు, లాగవచ్చు కూడా. ఎయిర్‌బస్ వాళ్ల ఐడియా ఇక్కడ చాలా అందంగా ఉంటుంది. నాబ్‌ని విమానం వైపు నొక్కితే "నువ్వే చూసుకో" అని కంప్యూటర్‌కి అప్పగించినట్టు. దీన్నే మేనేజ్డ్ అంటారు. మీ వైపు లాగితే "ఇటివ్వు, నేను చెప్తా" అన్నట్టు. ఇది సెలెక్టెడ్. స్పీడ్ నాబ్ నొక్కితే కిటికీలో అంకెలు పోయి గీతలు, పక్కన చుక్క వస్తాయి. పీఎఫ్‌డీ మీద టార్గెట్ స్పీడ్ మెజెంటా రంగులోకి మారుతుంది. లాగితే అంకెలు వస్తాయి, టార్గెట్ నీలం అవుతుంది.

ఆల్టిట్యూడ్ నాబ్ కొంచెం తేడా. దాని కిటికీలో ఎప్పుడూ అంకె ఉంటుంది. కొత్త ఎత్తు పెట్టి నొక్కితే ఫ్లైట్ ప్లాన్‌లోని నిబంధనలు పాటిస్తూ వెళ్తుంది. లాగితే మధ్యలో ఏ నిబంధనా పట్టించుకోకుండా నేరుగా వెళ్తుంది. ఆ రెండోదే ఓపెన్ క్లైంబ్, ఓపెన్ డిసెంట్. వర్టికల్ స్పీడ్ నాబ్‌ని నొక్కితే మాత్రం విమానం ఉన్నచోటే లెవెల్ అయిపోతుంది. ఇది కంగారులో బాగా పనికొచ్చే ట్రిక్, గుర్తుపెట్టుకోండి.

మౌస్‌తో నొక్కడం, లాగడం మొదట చిరాకుగా ఉంటుంది. ఆప్షన్లలో కాక్‌పిట్ ఇంటరాక్షన్‌ని లెగసీకి మారిస్తే నాబ్ మీద పై బాణం, కింది బాణం కనపడతాయి. పైది నొక్కడానికి, కిందది లాగడానికి. వీలైతే హెడింగ్, ఆల్టిట్యూడ్ రెండింటి నొక్కు, లాగుడు జాయ్‌స్టిక్ బటన్లకి పెట్టుకోండి.

చీకటి కాక్‌పిట్‌ని చివరికి వదిలేయండి

యూట్యూబ్ ట్యుటోరియల్స్‌తో నాకున్న పెద్ద పేచీ ఇదే. అన్నీ బ్యాటరీ స్విచ్‌తో మొదలవుతాయి. అలా మొదలుపెడితే కొత్తవాడు గాల్లోకి లేచేసరికే అలిసిపోయి ఉంటాడు, అసలు నేర్చుకోవాల్సింది అప్పుడే మొదలవుతుంది. నేను మా బాబాయి కొడుక్కి నేర్పినప్పుడు వరుసని తిరగేశాను. డిగ్రీ ఫస్టియర్ చదువుతున్నాడు, చేతిలో పాత జాయ్‌స్టిక్ ఒకటి.

మొదటి సాయంత్రం శంషాబాద్ రన్‌వే మీద, ఇంజిన్లు ఆన్‌లో ఉండగా స్టార్ట్. ఎంసీడీయూ లేదు, ఆటోపైలట్ లేదు, ఫ్లైట్ డైరెక్టర్లు రెండూ ఆఫ్. ఫ్లాప్స్ 1, లివర్లు టోగా, 140 నాట్ల దగ్గర మెల్లగా స్టిక్ వెనక్కి. శంషాబాద్ ఎయిర్‌పోర్టే సముద్ర మట్టానికి 2024 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి నేల మీదే ఆల్టిమీటర్ రెండు వేలు చూపిస్తుంది. 3500 దాకా ఎక్కి, రన్‌వే చుట్టూ ఒక రౌండ్ కొట్టి దిగాలి. ఇలా ఐదారు సార్లు. దీనివల్ల తెలిసేది ఏంటంటే, ఏ320 స్టిక్ సెస్నా స్టిక్ కాదు. స్టిక్ వదిలేస్తే విమానం ముక్కు కిందికి వాలిపోదు, వదిలిన చోటే నిలబడుతుంది. ట్రిమ్ అదే చూసుకుంటుంది. కాబట్టి చిన్నగా కదిపి వదిలేయాలి. స్టిక్‌ని పిండుతూ కూర్చునే అలవాటు మొదటి రోజే పోవాలి.

రెండో సాయంత్రం ఆటోపైలట్ ఆన్, కానీ అంతా సెలెక్టెడ్. అంటే నాబ్‌లన్నీ లాగి, స్పీడ్, హెడింగ్, ఎత్తు మనమే చెప్తూ హైదరాబాద్ చుట్టూ తిప్పడం. ఒక రూల్ పెట్టాను: నాబ్ ముట్టుకున్న ప్రతిసారీ ఎఫ్‌ఎంఏలో ఏం మారిందో బయటికి చదవాలి. మొదటి పది నిమిషాలు వాడికి నవ్వొచ్చింది. తర్వాత "అన్నయ్యా, ఓపీ సీఎల్‌బీ పోయి ఆల్ట్ స్టార్ వచ్చింది, అంటే ఇప్పుడు ఎత్తు పట్టుకుంటోంది కదా, ఇక స్పీడ్ ఇంజిన్లు చూస్తాయి" అన్నాడు. నేను ఆ వాక్యం కోసమే చూస్తున్నాను.

టేకాఫ్‌లో ఒక మాట తప్పకుండా కనపడాలి. లేచాక సుమారు 1500 అడుగులు ఎక్కేసరికి మొదటి గడిలో "ఎల్‌వీఆర్ సీఎల్‌బీ" అని మెరుస్తుంది. లివర్లని సీఎల్ గాడికి వెనక్కి తెమ్మని అర్థం. తెచ్చాకే ఆటోథ్రస్ట్ పగ్గాలు తీసుకుంటుంది. దాకా అది నీలం రంగులో కాచుకుని ఉంటుంది. దీన్ని గమనించకుండా లివర్లని అక్కడే వదిలేస్తే పవర్ తగ్గదు, ముక్కు దించగానే వేగం ఫ్లాప్స్ లిమిట్ దాటిపోతుంది, అలారం మోగుతుంది. మొదట్లో చెప్పిన "నాలుగో నిమిషం" కథల్లో సగం ఇక్కడివే.

మిగతా సగం ఎంసీడీయూ దగ్గర ఉంటాయి, అది మూడో సాయంత్రం. పాత కాలం ఆర్గనైజర్‌లా కీప్యాడ్, చిన్న స్క్రీన్ ఉన్న ఆ పెట్టె చూసి భయపడక్కర్లేదు. సింబ్రీఫ్‌లో ఫ్రీ అకౌంట్ తెరిచి హైదరాబాద్-విశాఖ ఫ్లైట్ ప్లాన్ చేసి, ఆ ఐడీని ఫ్లైప్యాడ్‌లో ఇస్తే, ఇనిట్ పేజీలో ఇనిట్ రిక్వెస్ట్ నొక్కగానే రూట్ వచ్చేస్తుంది. మనం నింపాల్సింది రన్‌వే, బయల్దేరే దారి, దిగే దారి, బరువు, ఇంధనం, టేకాఫ్ వేగాలు. పైలట్లు వాడే వరుస: డేటా, ఇనిట్, ఫ్లైట్ ప్లాన్, సెకండరీ, రేడియో, ఇనిట్ రెండో పేజీ, పర్ఫార్మెన్స్. టేకాఫ్ వేగాలు సింబ్రీఫ్ కాగితంలోనే ఉంటాయి.

రూట్ నింపాక చాలామంది వదిలేసే పని ఒకటుంది. ఫ్లైట్ ప్లాన్ పేజీలో "డిస్‌కంటిన్యుటీ" అనే గీత ఎక్కడైనా ఉందేమో మొదటి నుంచి చివరిదాకా చూడాలి. అంటే ఆ పాయింట్ తర్వాత ఎటు వెళ్లాలో కంప్యూటర్‌కి తెలీదు, దారి తెగిపోయింది. విమానం అక్కడికి రాగానే మూడో గడిలో "నావ్" పోయి "హెచ్‌డీజీ" వస్తుంది, ఉన్న దిక్కులోనే నేరుగా పోతూ ఉంటుంది. పిచ్చెక్కి కాదు, చెప్పిందే చేస్తోంది. క్లియర్ కీతో ఆ గీతని తీసేస్తే దారి కలుస్తుంది. అయితే కనపడిన ప్రతి గీతనీ కళ్లు మూసుకుని చెరపకండి. కొన్ని చోట్ల ఏటీసీ హెడింగ్ ఇస్తారని కావాలనే పెట్టి ఉంటుంది. నావిగేషన్ డిస్‌ప్లేని ప్లాన్ మోడ్‌లో పెట్టి రూట్‌ని ఒక్కొక్క పాయింట్ జరుపుతూ చూస్తే ఏది ఏంటో తెలిసిపోతుంది.

చీకటి కాక్‌పిట్ నాలుగో సాయంత్రం. ఎయిర్‌బస్ దీన్ని ఎంత తెలివిగా చేసిందంటే, అంతా మామూలుగా ఉంటే తల మీది ప్యానెల్‌లో ఒక్క లైట్ కూడా వెలగకూడదు. తెల్లగా "ఆఫ్" అని వెలిగే బటన్ ఉందంటే అది ఉండాల్సిన స్థితిలో లేదు. కాబట్టి బ్యాటరీలు, ఎక్స్‌టర్నల్ పవర్ ఆన్ చేసి, మూడు ఏడీఐఆర్‌ఎస్ నాబ్‌లు నావ్‌కి తిప్పి, తర్వాత తెల్ల లైట్లు ఆర్పుకుంటూ పోవడమే. అవసరం వచ్చేదాకా వదిలేసేవి కొన్ని ఉంటాయి, ఏపీయూ బ్లీడ్ లాంటివి. వాటికి ఫ్లైప్యాడ్‌లో చెక్‌లిస్ట్ ఉంది. ఏడీఐఆర్‌ఎస్ అలైన్ అవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఓపిక లేకపోతే ఫ్లైప్యాడ్ సెట్టింగ్స్‌లో ఆ టైమ్ తగ్గించుకోవచ్చు. నేను మాత్రం తగ్గించను, ఆ గ్యాప్‌లోనే ఎంసీడీయూ నింపుతాను. ఇక ఏపీయూ, ఫ్యూయల్ పంపులు, ఇంజిన్ 2, ఇంజిన్ 1. అయిపోయింది.

విశాఖ దిగడం

హైదరాబాద్-విశాఖ రూట్‌ని ఎందుకు ఎంచుకున్నానంటే, ఇది ట్రైనింగ్‌కి చక్కటి రూట్. నేరుగా చూస్తే సుమారు 275 నాటికల్ మైళ్లు. తూర్పుకి వెళ్తున్నాం కాబట్టి బేసి లెవెల్, 33,000 అడుగులు అనుకుందాం. ఎక్కడానికే వంద మైళ్లు పైన పోతుంది, దిగడానికి ఇంకో వంద. మధ్యలో టీ తాగే టైమ్ కూడా ఉండదు.

ఎప్పుడు దిగడం మొదలుపెట్టాలి? లెక్క నోటితోనే వేయొచ్చు. ఎన్ని వేల అడుగులు దిగాలో దాన్ని మూడుతో హెచ్చవేయండి. 33 మూళ్లు 99. వేగం తగ్గడానికి ఇంకో పది కలపండి. రూట్ ప్రకారం దిగే చోటికి ఇంకా 110 మైళ్లు ఉండగా మొదలెట్టాలి. తిరుగు ప్రయాణంలో శంషాబాద్ ఎత్తు రెండు వేలు తీసేయాలి. 32,000లో వస్తుంటే 30 మూళ్లు 90, ప్లస్ పది. కంప్యూటర్ కూడా ఈ పాయింట్‌ని మ్యాప్ మీద బాణంతో చూపిస్తుంది. కానీ అక్కడికి రాగానే ఏ320 దానంతట అది దిగదు! మా తమ్ముడు "అన్నయ్యా, బాణం దాటిపోయింది, ఇది దిగట్లేదేంటి?" అని అడిగింది ఇందుకే. ఆల్టిట్యూడ్ కిటికీలో కింది ఎత్తు పెట్టి, నాబ్ నొక్కాలి. నేల వైపు వెళ్లే నిర్ణయం మనిషిదే. రెండో గడిలో "డీఈఎస్" వచ్చిందా చూడండి.

విశాఖలో 28 రన్‌వే మీద దిగాలంటే సముద్రం వైపు నుంచి రావాలి. పడమర నుంచి వస్తున్న మనం ఊరు దాటి వెళ్లి, నీళ్ల మీద వెనక్కి తిరగాలన్నమాట. 10 అయితే దారి బాగా తగ్గుతుంది. ఇది ముందే చూసుకోకపోతే 110 మైళ్ల లెక్క తప్పుతుంది. చుట్టూ కొండలున్నాయి, అందుకని చార్ట్‌లో ఉన్న కనీస ఎత్తులకి కిందికి వెళ్లొద్దు, సిమ్యులేటర్‌లో అయినా.

దగ్గరికొచ్చాక పర్ఫార్మెన్స్ పేజీలో "యాక్టివేట్ అప్రోచ్ ఫేజ్" నొక్కి కన్ఫర్మ్ చేస్తే మేనేజ్డ్ స్పీడ్ ఫ్లాప్స్‌కి తగ్గట్టు తగ్గుతూ వస్తుంది. ఐఎల్‌ఎస్ ఉన్న అప్రోచ్‌లో క్లియరెన్స్ వచ్చాక ఏపీపీఆర్ బటన్ నొక్కితే ఎఫ్‌ఎంఏలో లాక్, జీ/ఎస్ నీలంగా వస్తాయి, పట్టుకోగానే ఆకుపచ్చ అవుతాయి. అవి నీలంలోనే ఉన్నాయంటే విమానం ఇంకా వాటిని పట్టుకోలేదు, మీరు పట్టుకుంది అనుకున్నా సరే. ఇక్కడి నుంచి మొదటి గడిలో "స్పీడ్" ఉండాలి. టీహెచ్‌ఆర్ ఐడిల్ కాదు.

1000 అడుగుల దగ్గర చక్రాలు, ఫ్లాప్స్, స్పీడ్, దారి అన్నీ సరిగ్గా ఉండాలి. 140 నాట్ల గ్రౌండ్ స్పీడ్‌కి నిమిషానికి సుమారు 700 అడుగుల దిగుదల ఉండాలి. గ్రౌండ్ స్పీడ్‌ని ఐదుతో హెచ్చవేస్తే ఆ అంకె వస్తుంది. ఏది తేడా ఉన్నా గో-అరౌండ్. లివర్లు టోగా, ఫ్లాప్స్ ఒక మెట్టు పైకి, ఎక్కుతోందని ఖాయమయ్యాక చక్రాలు పైకి. మళ్లీ ఎల్‌వీఆర్ సీఎల్‌బీ మెరిస్తే లివర్లు సీఎల్‌కి. దీన్ని కనీసం పదిసార్లు ప్రాక్టీస్ చేయమని నా సలహా. బటర్ ల్యాండింగ్ వీడియోలకి లైకులు వస్తాయి, గో-అరౌండ్‌కి రావు, అందుకే ఎవరూ చూపించరు.

ఆటోపైలట్ తీసేసి చేత్తో దిగుతున్నప్పుడు 30 అడుగుల దగ్గర విమానమే కావాలని ముక్కుని కొద్దిగా దించడం మొదలుపెడుతుంది. పైలట్ సహజంగా స్టిక్ వెనక్కి లాగేలా ఎయిర్‌బస్ పెట్టిన ఏర్పాటు ఇది. కొంచెం లాగి పట్టుకుంటే చాలు. 20 అడుగుల దగ్గర "రిటార్డ్" అని పిలుస్తుంది. అది హెచ్చరిక కాదు, లివర్లని ఐడిల్‌కి తెమ్మని గుర్తు చేయడం. తేకపోతే ఆటోథ్రస్ట్ నిజాయితీగా స్పీడ్ కాపాడుతూనే ఉంటుంది, విమానం రన్‌వే మీద తేలుతూ పోతుంది.

పీసీ సంగతి

గ్రాఫిక్స్ కార్డ్ గురించి అందరూ అడుగుతారు గానీ, ఇలాంటి యాడ్-ఆన్లు ప్రాసెసర్‌నే ఎక్కువ తింటాయి. ఆ స్క్రీన్లన్నీ విడివిడిగా లెక్కలు వేసుకుంటూ గీసుకోవాలి కదా. 2020 వెర్షన్‌కి 16 జీబీ ర్యామ్ రికమెండెడ్. 2024 వెర్షన్‌కి 16 జీబీ అన్నది మినిమమ్, రికమెండెడ్ 32. ఫ్రేమ్‌లు పడిపోతుంటే ముందు టెరైన్ డీటెయిల్ తగ్గించండి, ఎయిర్‌పోర్ట్‌లో ఏఐ ట్రాఫిక్ ఆపండి. తర్వాతే రిజల్యూషన్ జోలికి వెళ్లండి, లేకపోతే ఎఫ్‌ఎంఏ అక్షరాలు మసకబారతాయి. నా ఓటు 30 దగ్గర లాక్ చేసి నిలకడగా నడపడానికే. ఎయిర్‌లైనర్ నడపడానికి 90 ఫ్రేమ్‌లు అక్కర్లేదు, ఇది షూటింగ్ గేమ్ కాదు. ఇన్‌స్టాలర్‌లో స్టేబుల్, డెవలప్‌మెంట్ అని వెర్షన్లుంటాయి. నేర్చుకునేటప్పుడు స్టేబులే పెట్టుకోండి.

ఈ రూట్ ఒక పదిసార్లు తిరిగాక వాట్సిమ్ చూడండి. నిజం మనుషులు కంట్రోలర్లుగా కూర్చునే ఆన్‌లైన్ నెట్‌వర్క్, ఉచితం. ముందు ఒకట్రెండు రోజులు వాళ్ల రూల్స్ చదివి, మాట్లాడకుండా వినండి. మీ ప్లాన్ ప్రకారం అంతా మేనేజ్డ్‌లో హాయిగా పోతుంటే, కంట్రోలర్ ఒక హెడింగ్, ఒక ఎత్తు ఇస్తాడు. హెడింగ్ నాబ్ లాగాలి, ఆల్టిట్యూడ్ మార్చాలి, ఎఫ్‌ఎంఏ చదవాలి, ఈలోపు రీడ్‌బ్యాక్ చెప్పాలి. మా వాడు ఇప్పుడు అక్కడ ఉన్నాడు.